రెండు రోకటిపోటుల నడుమ

నాదమందు మొలిచి నాదాంతమున నిల్చు
తల్లి! పలుకులమ్మ! తలఁతు నిన్ను
కథను జెప్పు నోట, కథ విను చెవిలోన
నిదుర వచ్చుదాక నిలువుమమ్మ!

దణ్ణం పెట్టుకున్నావా అమ్మడూ? ఇప్పుడు చెప్పు, ఎందుకా మూతి ముడుపు? తాతగారి గురకకు నిద్ర పట్టడం లేదా? ఆయన గురక ఆపే మంత్రం నా దగ్గర లేదు తల్లీ. నలభై ఏళ్ళుగా వెదుకుతూనే ఉన్నాను. మంత్రం లేదు కాని, ఒక కథ ఉంది.

కంచుపని చేసే సోమలింగాచారి కథ అది. మోతల నడుమ మనసు నిలపలేక మూడు ఉపాయాలు పన్ని, మూడింటా ఓడి, చివరకు ఇంటి అరుగు మీదనే గెలిచినవాడి కథ. నువ్వు ఊఁ కొడుతూ ఉండాలి సుమా. నీ ఊఁ ఆగిందా, నా కథ ఆగుతుంది.

అనగనగా గోదావరి గట్టున ఒక ఊళ్ళో, మనుషుల కంటే ముందు మంచు నిద్రలేచే ఊళ్ళో, ఒక కంచరి ఉండేవాడు. ఆ ఊరి పేరు మంచురేవు. పుష్యమాసం వచ్చిందంటే ఏటి మీద మంచు పాలమీగడలా కట్టేది. చాచిన చేయి చాచినవాడికే కనబడేది కాదు. అప్పుడు ఆవలి గట్టు నుంచి వచ్చే నావలకు రేవు ఎక్కడుందో తెలిసేది కాదు. దాటిపోతే దిగువన పెద్ద సుడి ఉంది.

అందుకని పెద్దలు రేవులో నాలుగు కంబాల మండపం కట్టి, ఒక పెద్ద కంచుగంట వ్రేలాడదీశారు. మంచు దిగిన ఉదయాలలో ఆ గంట కొట్టేవారు. నావలు ఆ నాదాన్ని త్రాడులా పట్టుకుని ఒడ్డు చేరేవి.

ఆ గంటను పోతపోసినవాడు సోమలింగాచారి తాత. అది మూడు తరాలు మ్రోగింది. ఆ ఏడు కార్తికంలో నిలువునా బీటవారింది. ఆ తర్వాత ఎంత కొట్టినా ఓటికుండ పలికినట్లు డొల్లుగా పలికేది. ఆ పలుకు పది బారల దూరం కూడా పోయేది కాదు.

అప్పుడు నావ నడిపే పోలయ్య వచ్చి సోమలింగాచారి గడపలో కూర్చున్నాడు. "ఆచారీ! మొన్న కాస్త మంచుకే నా నావ ఇసుకమేట ఎక్కింది. రేపు పుష్యమాసపు మంచులో ఏం ఎక్కుతుందో దేవుడికే తెలియాలి. కొత్త గంట పోయవయ్యా" అన్నాడు.

సోమలింగాచారికి ఆ మాట గుండెలో గుచ్చుకుంది. ఎందుకంటే అతనికి ఒక్కగానొక్క కూతురు, పేరు మాణిక్యం. ఆవలి గట్టున అత్తవారింట నిండుచూలాలుగా ఉంది. పురిటికి పుట్టింటికి పంపడానికి వాళ్ళు ముహూర్తం పెట్టారు. పుష్యశుద్ధ పంచమి నాటి ఉదయం ఆమె పోలయ్య నావ ఎక్కాలి. ఆ నాటికి ఇక ఇరవై ఒక్క దినాలే ఉన్నాయి.

అతను పళ్ళేలు పోశాడు, చెంబులు పోశాడు, ఎద్దుల మెడగంటలు పోశాడు. రేవుగంట అంతటి గంట ఎన్నడూ పోయలేదు. అలాంటిది పోయాలంటే వాళ్ళ ఇంట ఒక ఆచారం ఉంది. ముందు మైనంతో గంట రూపు చేస్తారు. దానిపై మట్టి మెత్తి అచ్చు కడతారు. ఆ అచ్చు నీడన ఆరడానికి తొమ్మిది దినాలు పడుతుంది. ఆ తొమ్మిది దినాలూ, పోత పోసేవాడు తెల్లవారగానే కొలిమి ఎదుటి అరుగు మీద కూర్చోవాలి. ఒక ప్రమిదెడు నూనె తీరేదాకా కళ్ళు మూసి ధ్యానం చేయాలి. మనసు చెదిరితే ఆ చెదురు గంటలో లొసుగుగా మిగిలిపోతుందని వాళ్ళ నమ్మిక.

సోమలింగాచారి తండ్రి పెద్ద పెద్ద గుడిగంటలు పోసినవాడు; ఆయన అలా కూర్చుంటే భుజం మీద పిచ్చుక వచ్చి వాలేదట. నిజమేనా అంటావా? ఆ పిచ్చుకను అడగాలి తల్లీ.

ముందు ధ్యానం కుదరనీ, ఆ తర్వాతే అచ్చు కడదామనుకుని, మొదటినాడు సోమలింగాచారి స్నానం చేసి, విభూతి పెట్టుకుని, దీపం వెలిగించి కూర్చున్నాడు. కళ్ళు మూశాడో లేదో, కుడిపక్క సీతన్న గానుగ కిఱ్ఱుమంది. ఎడమపక్క అచ్చమ్మ రోకలి ధబ్బుమంది. వెనక వంటింట్లో అతని భార్య నాంచారమ్మ కవ్వం బుడబుడమంది. కిఱ్ఱు, ధబ్బు, బుడబుడ. కిఱ్ఱు, ధబ్బు, బుడబుడ. అతను ఒక కన్ను తెరిచి చూశాడు. ప్రమిదలో నూనె పావువంతు కూడా తీరలేదు. అతని ఓపిక మాత్రం పూర్తిగా తీరిపోయింది.

అప్పుడు అతనికి మొదటి ఉపాయం తోచింది. గంట రూపు కోసం తెచ్చిన మైనపు ముద్ద ఎదురుగానే ఉంది. దానిలోంచి రెండు ఉండలు చిదిమి, వేళ్ళతో మెత్తగా చేసి, రెండు చెవుల్లోనూ బిగించుకున్నాడు.

నాంచారమ్మ చూసి బుగ్గ నొక్కుకుంది. "అయ్యో రామ! అచ్చుకు పెట్టాల్సిన మైనం చెవుల్లో పెట్టుకున్నారా? రేపు గంట మీ తలకాయ ఆకారంలో వస్తుంది చూడండి" అంది. అతనికి ఆమె పెదవులు కదలడమే కనబడింది. దీవిస్తున్నదనుకుని తల ఊపాడు.

మోత ఆగింది కదా, మరి మనసు నిలిచిందా? నిలవలేదమ్మడూ. బయటి చప్పుడు ఆగగానే లోపలి చప్పుడు మొదలైంది. చెవుల్లో తన నెత్తురే వరదగోదావరిలా హోరుమంది. గుటక మింగితే బావిలో చేద పడ్డట్లుంది. పన్ను మీద పన్ను ఆనితే తలుపు మూసినట్లుంది.

అది చాలదన్నట్లు, రెండోనాడు చెవుల్లో మైనంతోనే పనికి కూర్చున్నాడు. ఎవరిదో ఎద్దు మెడగంట పోయవలసి ఉంది. కరిగిన కంచును మూసలోంచి సన్నటి ధారగా అచ్చులోకి వంచుతున్నాడు. నీళ్ళ బిందె నిండుతున్నప్పుడు దాని గొంతు ఎలా పైకి పైకి పోతుందో విన్నావు కదా? అచ్చు నిండేటప్పుడు కంచు కూడా అలాగే పలుకుతుంది. కంచరి కన్ను అచ్చు లోపలికి పోలేదు, చెవే పోవాలి. ఆ గొంతు అంచు దాకా వచ్చిందని తెలియగానే మూసను పైకెత్తాలి.

అతనికి ఏమీ వినబడలేదు. అచ్చు నిండింది. పొంగింది. "ఆపండి! నిండిపోయింది, ఆపండీ!" అని నాంచారమ్మ కేక వేసింది. అదీ వినబడలేదు. ఎర్రటి కంచు అచ్చు మీదుగా పొర్లి, అతని కాలి బొటనవేలికి బెత్తెడు దూరంలో పడి బుస్సుమంది. ఆ తర్వాత నాంచారమ్మే వచ్చి, అతని చెవుల్లోని మైనం తన వేలితో తవ్వి తీసింది. తీస్తూ అన్న మాటలు నీకు చెప్పను, నువ్వు నేర్చుకుంటావు.

అప్పటికి రెండు దినాలు పోయాయి.

ఆ తర్వాత రెండో ఉపాయం తోచింది. చెవులు మూసుకోకూడదు సరే, వీధినే మూసేస్తే? అతను చేతులు జోడించుకుని ముందు సీతన్న దగ్గరికి వెళ్ళాడు. "తొమ్మిది దినాలు గానుగ ఆపు సీతన్నా. రేవుగంట కోసం" అన్నాడు.

సీతన్న మెత్తని మనిషి. "అదెంత భాగ్యం ఆచారీ! నా ఎద్దు ఈ మాట వింటే నీ కాళ్ళ మీద పడుతుంది" అని నవ్వి, కాడి దించాడు.

అచ్చమ్మ అంత మెత్తనిది కాదు. డెబ్భై ఏళ్ళ మనిషి. రోకలి నేలకు ఆనించి, నడుము మీద చేయి వేసి నిలబడింది. "ఒరే సోమా! నీకు బొడ్డు కోసిన పూట కూడా నేను దంచుతూనే ఉన్నానురా. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరుస్తావేంరా?" అంది.

"ధ్యానం కుదరడం లేదత్తా" అన్నాడు అతను.

"మీ నాయనకు కుదరలేదూ? ఆయన కూర్చున్ననాళ్ళు నేను ఒక్కపోటు ఆపలేదు. ఎన్నడైనా చేయి నొచ్చి ఆపితే, ఆయనే కళ్ళు తెరిచి ఇటు చూసేవాడు. ఏమైంది అచ్చమ్మా, ఆపావేం అని అడిగేవాడు" అంది అచ్చమ్మ.

ఆ మాటలో ఎంత ఉందో సోమలింగాచారి ఆనాడు గమనించలేదు. గమనించి ఉంటే మన కథ ఇక్కడే అయిపోయేది. మళ్ళీ చేతులు జోడించాడు. అచ్చమ్మ గొణుక్కుంటూ రోకలి మూలకు చేర్చింది.

వీధి మూగబోయింది. కవ్వం కూడా ఆగింది. అతను కూర్చున్నాడు. అప్పుడేమైందనుకున్నావు? పెద్ద చప్పుళ్ళ చాటున దాగిన చిన్న చప్పుళ్ళన్నీ బయటికి వచ్చాయి. దూలం మీద బల్లి పలికింది. బియ్యపు కుండ వెనక ఎలుక గీకింది. సీతన్న ఎద్దు, పని లేక, రోజంతా నెమరు వేసింది. ఆ నెమరు చప్పుడు గానుగ కంటే పెద్దదిగా తోచింది. ఊరకుండలేనివాడికి చీమ నడిచినా ఏనుగే కదా అమ్మడూ.

ఇలా నాలుగు దినాలు గడిచాయి. దంపుడు లేక వీధిలో బియ్యం నిండుకున్నాయి. ఇంటింటా చోళ్ళ అంబలి కాచుకున్నారు. చల్ల చిలకక వెన్న లేదు. అయినా ఎవరూ మాట అనలేదు. రేవుగంట కోసం కదా అని ఊరుకున్నారు. అయిదోనాటి ఉదయం అతను ధ్యానానికి కూర్చోగానే దీపం మినుకు మినుకుమని కొండెక్కింది.

"నాంచారీ! ప్రమిదలో నూనె పోయలేదేం?" అని అడిగాడు.

"గానుగ ఆపించింది తమరే కదండీ. నూనె ఎక్కడినుంచి వస్తుంది? మీ ధ్యానం పిండితే వస్తుందా?" అంది నాంచారమ్మ.

అప్పటికి ఏడు దినాలు పోయాయి.

అప్పుడు మూడో ఉపాయం. ఏటి నడుమ ఒక ఇసుకతిన్నె ఉంది. అక్కడ మనిషి లేడు, మాను లేదు, కాకి కూడా వాలదు. అక్కడికి పోతే? అతను తాటిదోనె తీసుకుని, అటుకుల మూట కట్టుకుని, ఒక్కడే తెడ్డు వేసుకుంటూ వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ "నేను వచ్చేదాకా వీధిలో చప్పుడు చేయనీయకు, మోత ఏటి మీదికి కూడా పాకుతుంది. ధ్యానం కుదిరిన పూటనే వస్తాను" అని భార్యతో చెప్పాడు.

తిన్నె మీద నిజంగానే చప్పుడు లేదు. అతను పరమానందంతో కళ్ళు మూశాడు. కళ్ళు మూయగానే, అతని తలలో ఒక సంత తెరుచుకుంది. తగరం పాలు ఎంత కలపాలి? అచ్చు బీటవారితే? తండ్రి పోసినంత గంట నేను పోయగలనా? నావలో మాణిక్యం ఎటు కూర్చుంటుంది? బయట ఒక్క మోత కూడా లేకపోవడంతో, ఆ సంతకు అడ్డు చెప్పేవాడు లేకపోయాడు. రెండు దినాలు అక్కడే కూర్చున్నాడు. మూడోనాటికి ఆ సంతలో అతనే తప్పిపోయాడు.

ఇక చాలనుకుని లేచేసరికి, చుట్టూ తెల్లగా ఉంది. మంచు దిగింది. ఆ ఏడాదికి అదే మొదటి పెద్ద మంచు.

అతను దోనె ఎక్కాడు. రేవు ఎటుందో తెలియలేదు. తెడ్డు వేశాడు. నీళ్ళు తెలుపు, ఆకాశం తెలుపు, తన చేతులు కూడా తెలుపు. చెవి ఒగ్గి విన్నాడు. ఏమీ లేదు. ఊళ్ళోంచి ఒక్క చప్పుడు లేదు. దూరాన, దిగువన, సుడి గుడగుడమంటున్నది. అతను కోరి కోరి తెచ్చుకున్న నిశ్శబ్దం చుట్టూరా నిలబడి అతన్నే చూస్తున్నది.

అదే వేళకు రేవులో నాంచారమ్మ పోలయ్యను పట్టుకుంది. "పోలయ్యా, ఆయన ఏటిలో ఉన్నారు. గంట కొట్టు" అంది. పోలయ్య కొట్టాడు. పగిలిన గంట డొల్లుమని మండపంలోనే కూలబడింది.

"ఇది ఒడ్డు కూడా దాటదు వదినా. ఇన్నాళ్ళూ గంట పగిలినా, మీ వీధి మోతను బట్టి నావ తిప్పుకున్నాం. ఇప్పుడు వీధి కూడా మూగబోయె" అన్నాడు పోలయ్య.

ఆ మాట ముగియకముందే నాంచారమ్మ పరుగెత్తింది. "అత్తా, రోకలి ఎత్తు! సీతన్నా, ఎద్దును కట్టు!"

"తొమ్మిది దినాలు ఆపమన్నాడు కదే నీ మగడు?" అంది అచ్చమ్మ.

"ఆపమన్నవాడే ఏటిలో ఉన్నాడత్తా!"

అచ్చమ్మ రోలు దగ్గరికి ఉరికింది. కొంగు బిగించింది. రోలు ఖాళీగా ఉందని కూడా చూసుకోలేదు. డెబ్భై ఏళ్ళ చేతులతో రోకలి ఎత్తి వేసింది.

ధబ్బు.

ఏటి మీద సోమలింగాచారి తెడ్డు ఆగింది. విన్నానా, అనుకున్నానా? అతను ఊపిరి బిగబట్టాడు. తర్వాతి పోటు కోసం ఒళ్ళంతా చెవి చేసుకుని కాచుకున్నాడు.

ధబ్బు.

ఆ రెండు పోటుల నడుమ, అమ్మడూ, అతని తలలో తగరం లేదు. అచ్చు లేదు. తండ్రి లేడు. భయం కూడా లేదు. ఒక్క ఎదురుచూపు మాత్రం, నిండుబిందెలో నీళ్ళలా కదలకుండా ఉంది. మళ్ళీ పోటు పడింది. మళ్ళీ ఆ నడిమి మౌనం వచ్చింది. ఆ మౌనం ఇసుకతిన్నె మీది మౌనం వంటిది కాదు. ఇది ఇటొక చప్పుడు, అటొక చప్పుడు చేతులు పట్టుకుని నడిపించే పసిపిల్ల వంటిది.

ఆ తర్వాత కుడివైపున గానుగ కిఱ్ఱుమంది. ఆ తర్వాత, రెంటికీ నడుమ, దాగలి మీద సుత్తి ఠంగుమంది. ఆ సుత్తి వేస్తున్నది నాంచారమ్మ అని అతనికి చూడకుండానే తెలిసింది. ఎడమన అచ్చమ్మ, కుడిన సీతన్న, నడుమ తన ఇల్లు. దోనె ముక్కును ఆ నడిమి చప్పుడుకు తిప్పాడు. మనసు ఇటు ఒక్క వెంట్రుక, అటు ఒక్క వెంట్రుక చెదరలేదు. దోనె వచ్చి మెల్లగా ఇసుకను తాకింది.

అతను తిన్నగా అచ్చమ్మ వాకిట్లోకి వెళ్ళి, ఆమె పాదాలకు మ్రొక్కాడు.

"లేరా. ధ్యానం కుదిరిందా?" అంది ఆమె ఆయాసపడుతూ.

"కుదిరిందత్తా. నువ్వు ఆపితే నాయన ఎందుకు కళ్ళు తెరిచేవాడో ఇవాళ తెలిసింది. రేపటి నుంచి దంచు. తొమ్మిది దినాలూ దంచు" అన్నాడు.

"వడ్లు తెచ్చి పోయరా మరి! ఉత్త రోలు దంచి నా రెక్కలు పోయాయి" అంది అచ్చమ్మ.

అప్పటికి పది దినాలు పోయాయి. ఆ పూటనే మైనంతో గంట రూపు చేసి, మట్టి మెత్తి, అచ్చు నీడన పెట్టారు. మర్నాటి ఉదయం అతను అరుగు మీద కూర్చున్నాడు. గానుగ తిరిగింది. రోకలి పడింది. కవ్వం ఆడింది. అతను వాటిని తరమలేదు, పిలవలేదు. ఒక చప్పుడు పుట్టినప్పుడు దాన్ని విన్నాడు, అణిగినప్పుడు దానితో అణిగాడు. మనసు కూతురి దగ్గరికి పరుగెత్తినప్పుడు, కసరకుండా, తర్వాతి పోటు దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టాడు. మొదటినాడు అది పదిసార్లు పరుగెత్తింది. నాలుగోనాడు రెండుసార్లు. తొమ్మిదోనాడు కళ్ళు తెరిచేసరికి నూనె ఎప్పుడో తీరిపోయింది, వత్తి చల్లారిపోయింది. భుజం మీద పిచ్చుక ఉందా అంటావా? ఒక ఈగ ఉందట. నాంచారమ్మ చూసింది.

ఇరవయ్యోనాడు కొలిమి వెలిగించారు. పాతగంట కంచునే మూసలో కరిగించారు. నాంచారమ్మ తిత్తి ఊదింది. అతను మూస వంచాడు. ఎర్రటి ధార అచ్చులోకి దిగింది. ముందు లోతుగా పలికింది, ఆ తర్వాత పైకి, ఆ తర్వాత ఇంకా పైకి. వీధి మోతల నడుమ ఆ ఒక్క గొంతు అతనికి దారంలా స్పష్టంగా వినబడింది. అది అంచు తాకిన క్షణాన మూస ఎత్తాడు. ఒక్క చుక్క పొర్లలేదు, ఒక్క చుక్క తగ్గలేదు.

మర్నాడే పంచమి. తెల్లవారకముందే అచ్చు పగలగొట్టి, గంటను తుడిచి, కావడి మీద రేవుకు మోశారు. అప్పటికే మంచు దిగింది. అంతటి మంచు అచ్చమ్మ కూడా చూడలేదంది. మండపంలో నిలబడితే మండపపు కంబం కనబడలేదు. ఆవలి గట్టున పోలయ్య నావ కదిలిన వేళ అయింది. ఆ నావలో మాణిక్యం ఉంది. ఆమె కడుపులో ఇంకా లోకం చూడని పాప ఉంది.

సోమలింగాచారి గంట కొట్టాడు.

ఆ నాదం లేచింది. మంచులోకి పాకింది. నీళ్ళ మీద నడిచింది. అతను రెండో దెబ్బ వేయలేదు.

"కొట్టవయ్యా! ఆగావేం? గబగబా కొట్టు!" అని చుట్టూ ఉన్నవాళ్ళు కేకలు వేశారు. సీతన్న అయితే త్రాడు తనే అందుకోబోయాడు. సోమలింగాచారి చేయి అడ్డం పెట్టాడు. "ఆగు సీతన్నా. గబగబా కొడితే మోత మీద మోత పడి ఏరంతా గంటే అవుతుంది. ఎటునుంచి వస్తున్నదో తెలియదు. అది వెళ్ళి అణగాలి. అణిగిన చోటనే వాళ్ళు దిక్కు వింటారు" అన్నాడు.

అతను కళ్ళు మూసి, నాదం వెంట దాని చివరి దాకా వెళ్ళాడు. అది పూర్తిగా అణిగిన తర్వాత రెండో దెబ్బ వేశాడు. మళ్ళీ కాచుకున్నాడు. ఆ కాచుకోవడంలో కూతురి మీది ప్రాణమంతా ఉంది. మూడో దెబ్బ వేశాడు.

ఎన్ని దెబ్బలయ్యాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక మౌనం నడుమ, నీళ్ళలో గెడ పడిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత మంచును చీల్చుకుని నావ ముక్కు వచ్చింది. ఆ తర్వాత పోలయ్య తలపాగా. ఆ తర్వాత, కడుపు మీద చేయి వేసుకుని, నవ్వుతూ, మాణిక్యం.

నాంచారమ్మ నీళ్ళలోకి దిగి కూతుర్ని పొదివి పట్టుకుంది. సోమలింగాచారి గంటత్రాడు వదల్లేదు.

"నాన్నా! గంట ఆగినప్పుడల్లా భయమేసి చెవి ఒగ్గాను. ఒగ్గితే ఆ సందులో అచ్చమ్మవ్వ రోకలి వినిపించింది. ఇంకేం, ఇల్లు వచ్చేసిందనుకున్నాను" అంది మాణిక్యం.

"విన్నావురా సోమా? నీ గంట ఒక్కటే తేలేదు, నా రోకలి కూడా తెచ్చింది. పాపకు మొదటి ఉగ్గు నేనే పోస్తాను" అంది, అప్పుడే రోకలి దించి రేవుకు వచ్చిన అచ్చమ్మ.

పదిహేను దినాలకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు ఒక వింత అలవాటు. గానుగ తిరుగుతుంటే, రోకలి పడుతుంటే, హాయిగా నిద్రపోయేది. ఎద్దుకు మేత వేయడానికి సీతన్న గానుగ ఆపాడా, చటుక్కున కళ్ళు తెరిచి కయ్యిమనేది. అప్పుడు సోమలింగాచారే పరుగెత్తి వెళ్ళి, చేతులు జోడించి, "సీతన్నా! నీకు పుణ్యముంటుంది, గానుగ ఆపకయ్యా" అని వేడుకునేవాడు. సీతన్న ఎద్దు మాత్రం అతని వైపు ఓరగా చూసేదట.

అదీ కథ. ఇప్పుడు తాతగారి గురకను తరమకు తల్లీ, పిలవకు. అదుగో, ఒకటి లేచింది. ఏటి మంచులో గంటలాగా వెళ్తున్నది. అణిగింది. ఆ తర్వాతిది వచ్చేలోపల ఒక చిన్న మౌనం ఉంది, విన్నావా? అందులో తల పెట్టుకుని పడుకో. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అణిగింది.

అమ్మడూ?

ఊఁ కొట్టడం మానేశావే.

సరే, మిగిలింది నీ నిద్రకు చెప్తాను.

నాదం మంచు దాటె, నావ రేవు చేరె,
పిట్ట గూడు చేరె, దూడ తల్లి చేరె,
కథ కంచి చేరె, మన మనసు ఇల్లు చేరె.

ఈ కథ విన్న చెవులు చల్లగా ఉండుగాక. విన్నవారి ఇంట గానుగ ఆగక, రోలు వట్టిపోక, దీపం కొండెక్కక ఉండుగాక. మంచులో ఉన్న ప్రతి నావకూ ఒక గట్టు మ్రోగుగాక. సగం విని నిదురించిన పసికన్నులకు, మిగిలిన సగం మంచి కలయై వచ్చుగాక.